శుక్రవారం పెనం

పొయ్యి గొంతు ముందు కూర్చున్న మనిషికి పైన పెనం కనబడదు. పెనం ముందు నిలబడిన మనిషికి కింద మంట కనబడదు. నడుమ మట్టిగోడ. ఐరాల దాటి రెండు మైళ్ళు పోతే రోడ్డు వార రఘునాథ్ బెల్లం గానుగ. చెరుకు కాలం వచ్చిందంటే ఆ కొట్టంలో గోడకు కింద గురవమ్మ, పైన సుందరరాజు. ఇది మూడో ఏడు.

గానుగ మోటారు రొదలో మాట వినబడదు. సుందరరాజు చేతిలో నిలువెత్తు తెడ్డు ఉంటుంది. దానితో పెనం అంచు మీద ఒక దెబ్బ కొడితే మంట పెంచాలి. రెండు కొడితే తగ్గించాలి. మూడు కొడితే పాకం వచ్చినట్టు. పిప్పి వేయడం ఆపి పొయ్యి గొంతుకు రేకు అడ్డం పెట్టాలి. మొదటి ఏడు గురవమ్మ దెబ్బలు లెక్కపెట్టుకొనేది. రెండో ఏడు లెక్క మానేసింది. ఈ ఏడు అతను తెడ్డు ఎత్తకముందే ఆమె చెయ్యి ఎండు పిప్పి మోపు మీదికి పోతోంది, లేదా మోపు మీద నుంచి వెనక్కి వస్తోంది. ఒక్కోసారి అతను కొట్టాల్సిన పనే ఉండదు. అయినా కొడతాడు. మంటకు అక్కరలేని ఆ ఒక్క దెబ్బ ఎందుకో ఆమెకు తెలుసు.

పాకం ముదిరే వేళకు అతను వేలితో కాస్త తీసి, నీళ్ళ గిన్నెలో వేసి, ఉండ చేసి పెనం అంచుకు విసిరి చూస్తాడు. గట్టిగా మోగితే పాకం సరి. ఆ ఉండను గోడ మీద నుంచి కిందికి వదులుతాడు. గురవమ్మ కొంగు పడుతుంది. కాలే బెల్లాన్ని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చుకుంటూ, నోటితో గాలి పీల్చుకుంటూ తింటుంది. గానుగకు చెరుకు పెట్టే పంకజాక్షి ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టింది.

"ఆ యప్పకు నోరు లేదనుకుంటిమి. బెల్లంతో మాట్లాడతా ఉండాడే" అని నవ్వింది.

గురువారం మధ్యాహ్నం రెండో పెనం దించాక సుందరరాజు పొయ్యి గుంట మెట్లు దిగి వచ్చి, ఆమెకు బారెడు దూరంలో కూర్చుని సంగటి ముద్ద విప్పాడు. మోచేతుల దాకా పాకం చిందిన మచ్చలున్న మనిషి. నలభై దాటాయి. పెళ్ళాం పోయి ఆరేళ్ళయింది. చెరుకు కొట్టడం మొదలైన వారమే అతను గురవమ్మను అడిగాడు, తనతో వచ్చి ఉంటావా, పాస్టరయ్య చేతుల మీద పెళ్ళి చేసుకుందామా అని. ఆమె జవాబు చెప్పలేదు. అతను మళ్ళీ అడగలేదు. రోజూ వచ్చి బారెడు దూరంలో కూర్చుని తిని పోతున్నాడు.

జవాబు లేనిది ఆమె మెడలోని పసుపు తాడు వల్ల. గురవమ్మది సత్యవేడు పక్క. అయిదేళ్ళప్పుడు జ్వరం తగ్గకపోతే తల్లి నాగులమ్మ ఆమెను ఊరి అమ్మవారు మాతమ్మకు విడిచింది. అమ్మవారి తరఫున మేనమామ చెంగయ్య తాళి కట్టాడు. అట్లా విడిచిన ఆడదానికి మొగుడుండకూడదు. ఏటా జాతరలో పంబ వాద్యాల ముందు ఆడాలి. ఆట నడుమ ఎవరి చెయ్యి ఎక్కడ పడినా ముఖం చిట్లించకూడదు. ఆట అయిపోయాక ఎవరు వచ్చి వాకిట్లో నిలబడినా పొమ్మనకూడదు. ఇప్పుడామెకు ముప్పై నాలుగు. గానుగలో అందరికీ ఈ సంగతి తెలుసు. అమ్మవారి మనిషి చెయ్యి మంచిదని రఘునాథ్ ఏటా మొదటి పొయ్యి ఆమె చేతనే వెలిగిస్తాడు. ఆమెకు దప్పికైతే మాత్రం చెంబు ఇవ్వడు, ఎత్తి పోస్తాడు.

"మంగళవారం మీ జాతర గదా" అన్నాడు సుందరరాజు.

"ఊఁ."

"పోతావా?"

గురవమ్మ చేతికంటిన సంగటి అంతా నిదానంగా నాకి, గిన్నెలో నీళ్ళు పోసి కడిగింది. కడిగిన నీళ్ళు పొయ్యి వైపు పోకుండా అవతలికి పారబోసింది.

"రేపు పొద్దున నా మెడ సూడు" అంది.

అతని చేతిలోని ముద్ద నోటి దగ్గరే నిలిచిపోయింది.

శుక్రవారం తెల్లవారేసరికి తాడు ఆమె రేకు పెట్టెలో పాత చీర కింద ఉంది. మెడ చుట్టూ సన్నటి తెల్ల గీత మిగిలింది. ఎండా పొగా తగిలి మిగతా మెడంతా నల్లబడితే, తాడు కింద ఉన్న చర్మం మాత్రం చిన్నపిల్ల చర్మంలా ఉంది. గుంటలోకి దిగేటప్పుడు రెండుసార్లు చెయ్యి మెడ దగ్గరికి పోయి ఏమీ దొరక్క వెనక్కి వచ్చింది.

పంకజాక్షి చెరుకు మోపు భుజాన పెట్టుకొని వస్తూ ఆగిపోయింది. ఆమెదీ సత్యవేడు పక్క ఊరే.

"ఏమ్మే, మెడ బోసిగా ఉండాదేమి?"

"తీసేసినాను."

"తీసేస్తే తీసేసినట్టేనా? నువ్వు కట్టుకునిందా అది?" అని, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది పంకజాక్షి. "ఈపొద్దు శుక్రారం మే. రేపన్నా తీసుండొచ్చు గదా."

మోటారు మొదలైంది. చెరుకు పాలు పెనంలోకి దిగిన చప్పుడు గోడ మీదుగా వినబడింది. గురవమ్మ మంట రాజేసింది. ఎందుకో తల ఎత్తి చూస్తే, గోడ మీద నుంచి సుందరరాజు వంగి కిందికి చూస్తున్నాడు. మూడేళ్ళలో అతను పెనం వదిలి అట్లా వంగింది లేదు. ఆమె మెడ వైపే చూస్తున్నాడు. గురవమ్మ ముందు కొంగు లాక్కోబోయింది, లాక్కోలేదు. మంట వెలుతురులో గెడ్డం ఎత్తి అట్లాగే కూర్చుంది. ఆమెకు నవ్వొచ్చింది. అతను కూడా నవ్వాడు, పై పలువరస మొత్తం కనబడేటట్టు. చాలాసేపు చూశాడు. లోపల పాలు మరుగుతున్న వాసన వచ్చి, ఆమే చేత్తో 'పో' అని సైగ చేసింది.

ఆ పెనం మొదటి నుంచీ తిక్కగానే నడిచింది. ఒక దెబ్బ వినబడింది. వెంటనే రెండు. మళ్ళీ ఒకటి. పాకం వేళ దాటిపోయినా ఉండ మోగిన చప్పుడు రాలేదు. కొంగు పట్టుకుని చూస్తే ఏమీ పడలేదు. చివరికి మూడు దెబ్బలు పడ్డాయి, చేతకాని మనిషి కొట్టినట్టు.

చెక్క తొట్టిలో పోసిన పాకం ఎంతకూ గట్టిపడలేదు. చెయ్యి పెడితే జిగురుగా సాగింది. రంగు చూస్తే చెరువు బురద. పదిమంది పనివాళ్ళూ తొట్టి చుట్టూ చేరారు. రఘునాథ్ మోటారు సైకిల్ దిగి వచ్చి, వేలితో తీసి నాలుక మీద పెట్టుకుని ఉమ్మేశాడు. చెరుకు నిన్ననే కొట్టిందా అని అడిగాడు. నిన్ననే కొట్టింది. పెనం కడిగారా అని అడిగాడు. కడిగారు. సుందరరాజు వైపు చూశాడు. పెనుమూరు నుంచి కూడా మనుషులొచ్చి ఈ పాకగాడిని పిలుచుకు పోతామంటే రెండేళ్ళుగా పంపకుండా పెట్టుకున్నాడు రఘునాథ్. అతని చేతి కింద ఒక్క పెనం పోయింది లేదు.

"ఏమప్పా, ఏమైంది?"

సుందరరాజు తెడ్డుకు అంటిన జిగురును గోటితో గీకుతూ నిలబడ్డాడు. "తెలీలేదన్నా" అన్నాడు.

అప్పుడు పంకజాక్షి అంది. చెడ్డతనంతో అన్న మాట కాదు.  "సామీ, గురవమ్మ మెడ సూడండి."

అందరూ చూశారు. గురవమ్మ గుంట మెట్ల మీద ఉంది. కొంగు మెడకు చుట్టుకుంది.  తాడు తీసినందుకే అమ్మవారు పెనం చెడగొట్టిందని, ఎవరూ చెప్పకముందే ఆమె అనుకుంటోంది. రఘునాథ్ ఆమెను తిట్టలేదు, కొట్టలేదు. చెప్పులు విడిచి రెండడుగులు వెనక్కి వేసి, ఆమెను గుంటలో నుంచి బయటికి రమ్మన్నాడు. మిగతా రెండు పెనాలకూ పంకజాక్షిని మంట దగ్గర కూర్చోబెట్టాడు. ఆ రెండు పెనాలూ గోధుమ రంగులో, కొడితే గణగణమనేటట్టు కుదిరాయి. ఇంక చెప్పేదేముంది? చూసిన కళ్ళకు చాలింది.

సాయంత్రం రఘునాథ్ సెల్‌ఫోన్‌లో నాగులమ్మతో మాట్లాడాడు. అవతల ముసలామె ఏడుస్తూ అమ్మవారిని పేరు పేరునా పిలుస్తున్నది అందరికీ వినబడింది. మేనమామను పంపిస్తానంది. మళ్ళీ తాళి కట్టించి, మంగళవారం ఆడించి, తప్పు ఒప్పించి పంపిస్తే పనిలోకి రానిస్తానన్నాడు రఘునాథ్. గురవమ్మ తల ఊపింది. ఆమెను ఒప్పించాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

సుందరరాజు తొట్టి కడుగుతున్నాడు. కడిగిన తొట్టినే మళ్ళీ కడుగుతున్నాడు.

శనివారం గురవమ్మను మంట దగ్గరికి రానివ్వలేదు. పిప్పి ఆరబెట్టమన్నారు, కుండలు తోమమన్నారు. పొద్దున్నే సున్నం తేట తీయడానికి కొట్టం మూలకు పోయింది. పాలు కాగేటప్పుడు సున్నం తేట పోయకపోతే మడ్డి పైకి తేలదు, పులుపు చావదు, బెల్లం గట్టిపడదు. పెనానికి రెండు లోటాలు. రోజుకు మూడు పెనాలు. గురువారం సాయంత్రం ఆమే సున్నం నానబెట్టి, శుక్రవారం పొద్దున ఎప్పటిలాగే ఆరు లోటాల తేట వంచి కుండలో పోసి, మూత పెట్టింది. రోజూ పొద్దున కుండ ఖాళీగా ఉంటుంది. కడిగి కొత్త తేట పోస్తుంది.

ఈ పొద్దు కుండ బరువుగా ఉంది.

మూత తీసింది. తేట అద్దంలా నిలబడి ఉంది. లోటాతో ముంచింది. ఒకటి. మళ్ళీ ముంచింది. రెండు. తరువాత లోటా కుండ అడుగుకు గీచుకుంది.

గురవమ్మ లోటాను కుండ మీద బోర్లించింది. తరువాత గానుగ దగ్గరికి పోయి, నిన్న నువ్వు మంటేసిన రెండు పెనాలకూ ఆ యప్ప సున్నం పోశాడా అని పంకజాక్షిని అడిగింది. పోశాడు, నాలుగు లోటాలు, రెండుసార్లూ మెట్లెక్కి నా కళ్ళతో చూశాను, అని చెప్పింది పంకజాక్షి. ఎందుకడుగుతున్నావంది. గురవమ్మ ఊరికే అంది.

అయితే మొదటి పెనానికి పోయలేదు. పాలు కాగి మడ్డి తేలాల్సిన ఆ కాస్త సేపూ అతను గోడ మీద నుంచి వంగి ఉన్నాడు. ఆమె మెడ చూస్తూ, నవ్వుతూ.

ఆమె కుండ చంకలో పెట్టుకుని మూల నుంచి వెలుతురులోకి వచ్చి నిలబడింది. పెనం దగ్గర సుందరరాజు తల తిప్పాడు. ఆమెను చూశాడు. కుండను చూశాడు. అతని ముఖం పొగకు ఎదురు నిలబడిన మనిషి ముఖంలా ముడుచుకుంది. తల దించుకుని జల్లి గరిటెతో మడ్డి తీయడం మొదలుపెట్టాడు. తీయడానికి అక్కడ మడ్డి లేదు.

ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే ఒక్క నిమిషం పని. కానీ ఆ మాట తన నోటి నుంచి వస్తే ఒకటి, అతని నోటి నుంచి వస్తే ఇంకొకటి. అతనే చెప్పాలి. పిప్పి ఆరబోస్తూ, తిరగేస్తూ, పొద్దంతా ఆమె చెవి అటే పెట్టుకుంది. మధ్యాహ్నం అతను గుంట వైపు రాలేదు. కొట్టం అవతల, ఎడ్లు కట్టే చోట కూర్చుని తిన్నాడు. సాయంత్రం రఘునాథ్ వచ్చి బెల్లం అచ్చులు చూసి, నీ చెయ్యి నీ చెయ్యేనప్పా అని మెచ్చుకున్నాడు. అప్పుడైనా చెబుతాడేమోనని గురవమ్మ చేతిలోని పంగలకర్ర ఆపింది. అతను తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. అంతే.

ఆదివారం పని లేదు. సుందరరాజు తెల్ల చొక్కా వేసుకుని ప్రార్థనకు పోయి మధ్యాహ్నానికి వచ్చాడు. అదే బస్సులోంచి చెంగయ్య దిగాడు. డెబ్బై దాటిన మనిషి. పంబ కొట్టి కొట్టి కుడి చేతి వేళ్ళు వంకర పోయాయి. సంచిలో పసుపు తాడు, కుంకం పొట్లం, వేపాకు.

చింతచెట్టు నీడలో కూర్చుని, అడిగినా అడక్కపోయినా ఆ కథే చెప్పాడు. ప్రతి జాతరకూ చెప్పే కథే. పిల్లకు ఒళ్ళు పెనంలా కాలిపోయింది, కళ్ళు తేలేసింది, ఇంక లేదనుకున్నాము.

"పొద్దున డాక్టరు వొచ్చి సూదేసి పోయినాడు. ఏం లాభం? అట్లనే కాలతా ఉండాది. పొద్దు గూకేతలికి అమ్మ ముందర పెట్టి నేను తాళి కట్టినాను. కట్టిన గంటకు సెమట పట్టింది. జరం దిగిపోయె." చెంగయ్య చుట్టూ కూర్చున్న వాళ్ళను చూశాడు. "అమ్మ మహిమ కాకుంటే ఇంకేముండాది?"

పనివాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని విన్నారు. గురవమ్మ ఈ కథ లెక్కలేనన్నిసార్లు వింది. ఎప్పుడూ తాళి దగ్గరే ఆమె మనసు ఆగేది. ఈసారి సూది దగ్గర ఆగింది. పొద్దున సూది. సాయంత్రం చెమట. ఆ డాక్టరు ఎవరో, ఆయన పేరేమిటో ఊళ్ళో ఎవరూ ఎప్పుడూ చెప్పుకోలేదు.

చెంగయ్య లేచి ఆమెను తూర్పు ముఖంగా నిలబెట్టాడు. రఘునాథ్ చెప్పులు విడిచి దూరంగా నిలబడ్డాడు. వంకర వేళ్ళతో తాడు ముడి వేయడానికి ముసలాయనకు చాలాసేపు పట్టింది. మొదటి ముడి జారిపోయింది. ఆ సేపంతా గురవమ్మ సుందరరాజు కళ్ళలోకి చూస్తూ నిలబడింది. తెల్ల చొక్కాలో, పది అడుగుల దూరంలో ఉన్నాడు.  పెదవులు విడివడ్డాయి. రెండో ముడి పడింది. మూడో ముడి పడింది. అతను తువ్వాలు భుజం మార్చుకుని ఎడ్ల కొట్టం వైపు నడిచిపోయాడు.

మెడలో తాడు ఆ తెల్ల గీత మీదనే సరిగ్గా కూర్చుంది.

సోమవారం పొద్దున గురవమ్మను మళ్ళీ మంట దగ్గరికి పంపాడు రఘునాథ్. పదకొండు గంటల బస్సుకు చెంగయ్యతో ఊరికి పోవాలి. పోయే ముందు ఒక్క పెనం ఆమె చేతి మీద దిగితే కీడు తొలిగినట్టు అందరికీ నమ్మకం కుదురుతుందని అతని ఆలోచన. గోడకు కొబ్బరికాయ కొట్టించాడు.

పాలు దిగాయి. ఒక దెబ్బ. గురవమ్మ మంట వేసింది. మడ్డి తేలే వాసన వచ్చింది, సున్నం పోశాడు. ఈ జన్మలో ఇంక మరిచిపోడు. మంట ఎర్రగా, సమంగా నడిచింది. పాలు చిక్కబడే చప్పుడు ఆమెకు తెలుసు. నీళ్ళ చప్పుడు పోయి గుటకల చప్పుడు వస్తుంది. గుటకలు మొదలయ్యాయి.

రెండు దెబ్బలు పడ్డాయి.

గురవమ్మ చెయ్యి వెనక్కి వచ్చింది. మూడేళ్ళ అలవాటు. ఆ చెయ్యి వైపు చూసుకుంది. మెల్లగా ముందుకు చాచి, మోపు మొత్తం కౌగిట్లోకి ఎత్తుకుని పొయ్యి గొంతులోకి తోసింది. మంట గొంతు బయటికి ఉరికి ఆమె ముంజేతి వెంట్రుకలు కాల్చింది.

రెండు దెబ్బలు. మళ్ళీ రెండు, గట్టిగా. ఆమె ఇంకో మోపు తోసింది. పైన పెనం అంచు మీద తెడ్డు గబగబా మోగింది. గురవమ్మా అన్న కేక మోటారు రొదను చీల్చుకుని వచ్చింది. అతని నోటి నుంచి తన పేరు అంత గట్టిగా ఆమె ఎప్పుడూ వినలేదు. మూడో మోపు తోసి, రేకు తీసి దూరంగా పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మాడిన వాసన గోడ దిగి వచ్చింది. ముందు తియ్యగా, తరువాత చేదుగా.

మోటారు ఆగింది. ఆమె కొంగు దులుపుకుని మెట్లెక్కి పైకి వచ్చేసరికి పెనంలో నల్లటి తారు పొంగి పగులుతోంది. రఘునాథ్ పరుగున వచ్చాడు. పనివాళ్ళు, చెంగయ్య, పంకజాక్షి, అందరూ ఉన్నారు. గురవమ్మ మెడ మీద కొంగు తీసేసింది.

"సూడండి సామీ. తాళి ఉండాది. అయినా మాడింది."

రఘునాథ్ పెనం వైపు చెయ్యి చూపించాడు. "మంటేసింది నువ్వు గదమ్మే."

"అవును. నేనే. రెండు దెబ్బలు కొట్టినాడు, నేనే తగ్గించలేదు. తెలిసే సేసినాను. ఇది నేను సేసింది, మాతమ్మ సేసింది గాదు." ఆమె గొంతు పెరగలేదు. సుందరరాజు వైపు తిరగలేదు కూడా. "నేను సేసింది నేను సెప్పినాను. శుక్రారం పెనం ఎవురు సేసినారో, వాళ్ళూ సెప్పాల."

 పెనంలో నల్ల బుడగ ఒకటి లేచి పగిలింది. గురవమ్మ తన కాళ్ళ వైపు చూస్తూ నిలబడింది. ఇప్పుడు కూడా అతను చెప్పకపోతే పదకొండు గంటల బస్సు ఎక్కుతుంది. రేపు ఆడుతుంది. ఇంక ఏ మగవాడి నోటి వైపూ చూడదు. అంతవరకూ ఆలోచించుకునే మెట్లెక్కింది.

తెడ్డు కింద పడిన చప్పుడైంది.

"సున్నం పొయ్యలేదన్నా" అన్నాడు సుందరరాజు. "శుక్రారం మొదటి పెనానికి. మరిసినాను. గోడ మీద నుంచి ఈమెను సూస్తా ఉండిపొయినాను. మడ్డి తేలకపాయె, అప్పుడే తెలిసింది నాకు." కింద పడిన తెడ్డును కాలితో పక్కకు నెట్టాడు. "పేరు పోతాదని గమ్మున ఉండినాను. మూడు దినాలు."

పంకజాక్షి కొంగు నోట్లో కుక్కుకుంది. "అయ్యో, నా నోరు పడ" అని తనలో తాను గొణుక్కుంది.

రఘునాథ్ ముఖం ఎర్రబడింది. ఇద్దర్నీ ఇప్పుడే ఈ కొట్టం దాటి పొమ్మన్నాడు. రెండు పెనాల బెల్లం నేలపాలు చేశారన్నాడు. నమ్మి మూడేళ్ళు పెట్టుకున్నానన్నాడు. అన్నీ అని, చెప్పులు వేసుకుంటూ, గురవమ్మ వైపు చూడకుండా, "ఏది ఎట్లున్నా మంగళారం పోయి ఆడిరా. ఎందుకైనా మంచిది" అన్నాడు.

ఆమె రేకు పెట్టె తీసుకుని చింతచెట్టు కిందికి పోయింది. చెంగయ్య సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. అతని ముందుకు వచ్చి, వెనక్కి తిరిగి, నేల మీద కూర్చుని జడ ముందుకు వేసుకుంది.

"ఇప్పు మామా."

ముసలాయన చేతులు వెనక్కి లాక్కున్నాడు. "నేను కట్టింది గాదుమే. అమ్మ కట్టింది. నా చెయ్యి పెట్టినాను, అంతే."

"అమ్మ ఆ పొద్దు నీ చెయ్యి అడుక్కునింది. ఈ పొద్దు నేను అడుగుతా ఉండాను. అదే చెయ్యి."

 గురవమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. రోడ్డు మీద చెరుకు ట్రాక్టరు ఒకటి పోయింది. తరువాత ఆమె మెడ వెనక వంకర వేళ్ళు తగిలాయి. నిన్న బిగించిన ముడి చెమటకు నాని గట్టిపడింది. ముసలాయన గోళ్ళతో లాగాడు, పళ్ళతో లాగాడు. అతని ఊపిరి ఆమె వీపున వెచ్చగా తగిలింది. మధ్యలో ఆగి ముక్కు చీదాడు. ముడి వీడాక తాడును ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు పట్టుకుని, చివరికి సంచిలో వేపాకు కింద పెట్టుకున్నాడు.

"మీ అమ్మకు ఏం సెప్పాల నేను?" అన్నాడు.

"నువ్వేం సెప్పొద్దు. నేనే వొస్తా ఉండాను గదా."

"వొచ్చి?"

"ఆడనని సెప్పేదానికి. ఈడ కూసోని సెప్తే భయపడి సెప్పినట్టు ఉంటాది."

సుందరరాజు బట్టల మూటతో కొంచెం దూరంలో నిలబడి ఉన్నాడు. దగ్గరికి రావాలా వద్దా అన్నట్టు. అతను ఏదో చెప్పబోయాడు. తప్పు చేశాననో, ఏదో. గురవమ్మ వినలేదు.

"ఆ మూడు దినాలు నేను మరిసిపోను" అంది. "నా మెడలో తాడు పడతా ఉంటే నువ్వు సూసినావు. నీ ఇంట్లో ఉన్నా, ఇంకోసోట ఉన్నా, అది నాకు గుర్తుంటాది. తెలిసే రా, వొస్తే."

"యాడికి?"

"మా ఊరికి. రేపు జాతర. ఈడ పదిమంది ముందర సెప్పినావు. ఆడ ఊరంతా ఉంటాది. తాగి ఉంటారు. కొడతారు గూడా. ఆడ నా పక్కన నిలబడి, ఈమెను నేను సేసుకుంటాను అని సెప్పగలవా?"

అతను నీళ్ళ తొట్టి దగ్గరికి పోయి మోచేతుల దాకా కడుక్కున్నాడు. బస్సు వచ్చేసరికి ముగ్గురూ రోడ్డు మీద ఉన్నారు. అతను ఎక్కుతాడా లేదా అని ఆమె చూడలేదు. ఎక్కి, కిటికీ పక్కన కూర్చుంది. చెంగయ్య ముందు సీట్లో కూర్చున్నాడు. సుందరరాజు ఎక్కి, ఆమె సీటు చివర, నడుమ ఒక మనిషి పట్టేంత జాగా వదిలి కూర్చున్నాడు.

కాణిపాకం మలుపు దాటాక చెంగయ్య ఫోను మోగింది. ఊరి పెద్ద. అవతలి గొంతు బస్సులో సగం మందికి వినబడుతోంది. పిల్లను తెస్తున్నావా, పంబలవాళ్ళకు చెప్పాలా అని అడుగుతోంది.

"వొస్తా ఉండాది" అన్నాడు చెంగయ్య. "పంబలు మోగించొద్దు. ఆడేదానికి గాదు వొచ్చేది."

అవతల గొంతు లేచింది. బూతులు వినబడ్డాయి. ఎవడు వాడు, ఎవడి మాట విని ఇట్లా చేస్తోంది అని గద్దించింది. ముసలాయన ఫోను చెవికి దూరంగా పట్టుకుని, సీటులో తిరిగి సుందరరాజు వైపు చూశాడు. ఆ చూపులో ప్రేమా లేదు, కోపమూ లేదు. ఫోను చాచాడు.

"అడగతా ఉండారు. నువ్వే సెప్పప్పా."

సుందరరాజు ఫోను అందుకున్నాడు.   గురవమ్మ కిటికీలో నుంచి చూపు తిప్పలేదు. బయట కోత అయిన చెరుకు మళ్ళు వెనక్కి పోతున్నాయి, నేల అంతా ఎండుటాకు.

"నా పేరు సుందరరాజు" అన్నాడు అతను.  దగ్గి, మళ్ళీ మొదటి నుంచి, ముందుకంటే గట్టిగా మొదలుపెట్టాడు. ముందు సీట్లలో వాళ్ళు తిరిగి చూశారు.

గురవమ్మ బయటికి చూస్తూనే, ఇద్దరి నడుమ సీటు మీద ఉన్న పెట్టెను తీసి కాళ్ళ దగ్గర పెట్టుకుంది.